ఫారిన్ మిషన్ ట్రిప్‌లో లీడర్‌షిప్ క్లాసులు ఎలా చెప్పాలి: మూడుసార్లు కెన్యా వెళ్లొచ్చాక నేర్చుకున్నవి

మీ సంఘం నుంచో మీ మినిస్ట్రీ నుంచో ఆఫ్రికా వైపు పదిరోజుల ట్రిప్ పెట్టుకున్నారు, అక్కడ పల్లెల్లో తిరిగే ఇవాంజలిస్టులకి, సంఘ పెద్దలకి లీడర్‌షిప్ మీద క్లాసులు చెప్పమన్నారు, మీరు సరేనన్నారు, ఇప్పుడేమో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నేను మూడుసార్లు పశ్చిమ కెన్యా వెళ్లాను, కాకమెగా, బుంగోమా వైపు, ప్రతిసారీ పాతిక ముప్పై మంది వర్కర్లు వచ్చేవాళ్లు. మీరు వెళ్లేది ఉగాండా కావచ్చు, మలావీ కావచ్చు, వివరాలు మారతాయి గానీ పద్ధతి చాలావరకు ఇదే.

మొదటిసారి నేను 140 పేజీల నోట్స్ స్పైరల్ బైండింగ్ చేయించి పట్టుకెళ్లాను. ఐదు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే మాట్లాడాను. వాళ్లు ఓపిగ్గా రాసుకున్నారు, ఆమెన్ అన్నారు, నాకు బ్రహ్మాండంగా జరిగిందనిపించింది. ఆఖరి రోజు ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, నా చెయ్యి పట్టుకుని "చాలా మంచి మాటలు చెప్పారు, నేను మా ఊరెళ్లి వీటిల్లో ఏది చెప్పాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి నేను క్లాసు తయారుచేసుకునే ప్రతిసారీ ఆ పెద్దాయన్నే కళ్లముందు పెట్టుకుంటా. నేను చెప్పేది ఆయన తన ఊళ్లో చెట్టుకింద కూర్చుని, నేను లేకుండా, నా బుక్కు లేకుండా, పదిమందికి మళ్లీ చెప్పగలగాలి. చెప్పలేనిదైతే అది ఎంత గొప్ప పాఠమైనా పక్కన పెట్టేస్తా.

ఇంకో మాట ముందే అనుకుందాం. మన తెలుగు బాప్టిస్టులు 1903లోనే జాన్ రంగయ్య గారిని సౌత్ ఆఫ్రికాలోని నేటాల్‌కి పంపారు, చెరుకు తోటల్లో, టీ తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగు వాళ్ల మధ్య పనిచేయడానికి. ఆయన 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు, పన్నెండేళ్లు. మనం వెళ్లేది పదిరోజులు. పన్నెండేళ్ల పని పదిరోజుల్లో అవదు, కాబట్టి పదిరోజుల్లో అయ్యేది ఏంటో అదొక్కటే గట్టిగా పట్టుకుందాం.

మొదట, వాళ్లని అడగండి

కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పిలిచిన సంఘం పాస్టర్ గారితో ఒక్కరితోనే మాట్లాడి సరిపెట్టుకోవద్దు, రాబోయే వర్కర్లలో నలుగురైదుగురితో వాట్సాప్‌లో మాట్లాడండి. గూగుల్ ఫామ్‌లు పంపితే రెండు జవాబులు వస్తాయి, వాయిస్ మెసేజ్ పెట్టమంటే పది నిమిషాలు మనసువిప్పి మాట్లాడతారు. అడగాల్సినవి పెద్దవేం కాదు: ఎన్ని ఊళ్లు చూస్తున్నారు, ఇల్లు గడవడానికి ఏం చేస్తారు (చాలామంది మొక్కజొన్న వేస్తారు, కుర్రాళ్లు బోడాబోడా అనే బైక్ టాక్సీ నడుపుతారు), ఏ భాషలో హాయిగా చదవగలరు, పోయిన సంవత్సరం మీ సంఘంలో వచ్చిన పెద్ద గొడవ ఏంటి. ఈ ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. మీ సిలబస్ అందులోంచే వస్తుంది.

డేట్లు కూడా వాళ్లనే చెప్పమనండి. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, రోడ్లు బురద, పైగా మొక్కజొన్న వేసే టైము. మనకి సమ్మర్ హాలిడేస్ కదా అని ఏప్రిల్‌లో పెట్టుకుంటే వర్కర్లు పొలం వదిలేసి రావాలి. నాట్ల టైములో మన గోదావరి రైతుని ఐదురోజులు మీటింగ్‌కి రమ్మంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పేపర్లు, సూదిమందు, సామాన్లు

ఇది త్వరగా చెప్పేస్తా. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ, అంటే ప్రయాణానికి ముందే తీసుకునే ఎలక్ట్రానిక్ అనుమతి, ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి. వెళ్లేది బోధించడానికి కాబట్టి టూరిస్ట్ అని టిక్ పెట్టేసి వెళ్లిపోదాం అనుకోకండి, ట్రైనింగ్‌కి వేరే పాస్ ఏమైనా కావాలేమో పిలిచిన సంఘం వాళ్లని అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో కనుక్కోమనండి. నిజాయితీ గురించి చెప్పడానికి వెళ్తూ కౌంటర్ దగ్గరే అబద్ధం ఆడితే ఇక మన పాఠానికి విలువేముంది. ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కిసుము వైపు, ఆ విక్టోరియా సరస్సు చుట్టుపక్కల మలేరియా ఎక్కువ, డాక్టర్ గారిని అడిగి టాబ్లెట్లు ముందే మొదలుపెట్టండి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కెన్యాలో 2017 నుంచి బ్యాన్, అందుకని అమ్మ కట్టిచ్చిన ఆవకాయ, కారప్పొడి కవర్లలో కాకుండా డబ్బాల్లో పెట్టి గుడ్డ సంచిలో సర్దుకోండి. డాలర్లు క్యాష్ మూడు వేలకి మించి తీసుకెళ్లకూడదు, అది మన ఆర్బీఐ రూలు.

ప్రొజెక్టర్ మోసుకెళ్లకండి. కరెంటు ఉన్నా కూడా. స్క్రీన్ మీద చూసింది వాళ్లు ఊళ్లో మళ్లీ చూపించలేరు. చార్టు పేపర్లు, మార్కర్లు, టేపు, నాలుగు సుద్దముక్కలు చాలు.

నాలుగే నాలుగు పాఠాలు

నా 140 పేజీలు చివరికి నాలుగు కథలకి వచ్చాయి. మార్కు 10లో యాకోబు, యోహాను వచ్చి కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు కూర్చోవాలని అడగడం. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్ర భోజనం దగ్గర వచ్చిన గొడవ. 2 కొరింథీ 8లో పౌలు కానుకల డబ్బు ఒక్కడే తీసుకెళ్లకుండా తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పంపడం. 2 తిమోతి 2:2, పౌలు నుంచి తిమోతికి, తిమోతి నుంచి నమ్మకమైనవాళ్లకి, వాళ్ల నుంచి ఇంకొందరికి. మొదటిది పెద్దరికం గురించి, రెండోది పని పంచడం గురించి, మూడోది డబ్బు, నాలుగోది అప్పగించడం. మోషేకి మామ యిత్రో ఇచ్చిన సలహా కూడా చెప్పాలనిపిస్తుంది, నెహెమ్యా గోడ చెప్పాలనిపిస్తుంది, ఆగండి. నాలుగు కథలు నోటికి వచ్చేస్తే ఆ పెద్దాయన మళ్లీ చెప్పగలరు, పన్నెండు చెబితే ఒకటి కూడా గుర్తుండదు.

ట్రాన్స్‌లేటర్‌తో ముందురోజు కూర్చోండి

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నేను ఎక్కువ దెబ్బతిన్నదీ ఇక్కడే. మీరు ఇంగ్లిష్‌లో చెబితే పక్కనున్న బ్రదర్ స్వాహిలీలోకో వాళ్ల ఊరి భాషలోకో మారుస్తారు. అంటే గంట క్లాసులో మీకు దక్కేది అరగంట. చిన్న చిన్న వాక్యాలు, ఒక వాక్యంలో ఒక విషయం, మన సామెతలు అక్కడ పనిచేయవు.

మాటల సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. మొదటి ట్రిప్‌లో "లీడర్ అంటే సర్వెంట్" అని నేను గట్టిగా చెప్పా, రెండు మూడుసార్లు చెప్పా, అందరూ సంతోషంగా తలలూపారు. నాకు ఆశ్చర్యం, ఇంత కష్టమైన మాట ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారని. సాయంత్రం టీ దగ్గర ట్రాన్స్‌లేటర్ బ్రదర్ చెప్పాడు, స్వాహిలీలో సేవకుడు అంటే "ఎంతుమిషి", కానీ అక్కడ పాస్టర్ గారిని గౌరవంగా పిలిచేది కూడా అదే మాటతోనట. నేను "మీరు ఎంతుమిషి అవ్వాలి" అంటే వాళ్లకి "మీరు పెద్ద పాస్టర్ గారు అవ్వాలి" అన్నట్టు వినపడింది. అప్పుడు తట్టింది నాకు, మన దగ్గరా అంతేగా! "సేవకులు గారు వచ్చారు, కుర్చీ వెయ్యండి" అంటాం. సేవకుడు అన్న మాట ఎప్పుడో కుర్చీ ఎక్కేసింది, మనం గమనించనే లేదు.

మర్నాడు నేను ఆ మాట వాడటం మానేసి ప్రశ్న అడిగా: "మీ ఇంట్లో చుట్టాలొస్తే అందరికన్నా చివర్లో తినేది ఎవరు?" ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత వెనక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. అక్కడినుంచి మార్కు 10 దానంతటదే నడిచింది. మీరు కూడా క్లాసుకి ముందురోజు సాయంత్రం ట్రాన్స్‌లేటర్‌తో ఓ గంట కూర్చుని మీ ముఖ్యమైన పది మాటలు ఒక్కొక్కటీ అడగండి: ఈ మాట మీ అమ్మమ్మకి చెబితే ఆవిడకి ఏం అర్థమవుతుంది? పెద్ద, కాపరి, నాయకుడు, లెక్క చెప్పడం, క్షమాపణ అడగడం, ఇవన్నీ. ఆ గంట మీ ట్రైనింగ్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన గంట.

టైము కూడా జాగ్రత్త. స్వాహిలీ మాట్లాడేవాళ్లు గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, పొద్దున ఏడు వాళ్లకి ఒకటో గంట, "సా మోజా". తొమ్మిదైతే మూడో గంట, "సా తాతు". క్లాసు మూడింటికి అని ఎవరైనా స్వాహిలీలో చెబితే అది మధ్యాహ్నం మూడు కాదు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కూలీల కోసం మళ్లీ వెళ్లింది మన తెలుగు బైబిల్లో తొమ్మిది గంటలకు, వాళ్ల బైబిల్లో సా తాతు, మూలంలో ఉన్నది కూడా మూడో గంటే. ఇది క్లాసులో చెబితే వాళ్ల ముఖాల్లో ఎంత సంతోషమో, మా లెక్క బైబిల్ లెక్కే అని.

ఒక్క సెషన్ ఎలా నడపాలి

అపొస్తలుల కార్యములు 6 తీసుకుని చూపిస్తా, మిగతావి మీరు అలాగే చేసుకోవచ్చు.

ముందు కథ చెప్పండి, బైబిల్ మూసి, ఐదు నిమిషాలు, కళ్లలోకి చూస్తూ. రోజూ భోజనం పంచే దగ్గర గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రకి సరిగ్గా అందట్లేదు, సణుగుడు మొదలైంది, పన్నెండుమంది అందర్నీ పిలిచారు, ఏడుగుర్ని మీరే ఎంచుకోండి అన్నారు. తర్వాత ఒకరిని లేపి అదే కథ తిరిగి చెప్పమనండి. తప్పు చెబితే మీరు సరిచేయకండి, క్లాసే సరిచేస్తుంది, "లేదు లేదు, ఏడుగురు, పన్నెండు కాదు" అని. ఇంకొకరితో మళ్లీ చెప్పించండి. మూడోసారికి గదిలో అందరికీ కథ వచ్చేస్తుంది, చదువు రానివాళ్లకి కూడా. అప్పుడు బైబిల్ తెరిచి వాళ్ల భాషలో చదివించండి.

తర్వాత ప్రశ్నలు, మీరు జవాబు చెప్పకుండా. గొడవ ఎవరి మధ్య? సణిగినవాళ్లని అపొస్తలులు తిట్టారా? ఎంచుకున్నది ఎవరు? ఇక్కడ ఒక ప్రశ్న మర్చిపోవద్దు: ఆ ఏడుగురి పేర్లు చదవండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఇవి ఏ భాష పేర్లు? అన్నీ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందని ఎవరన్నారో దాదాపుగా వాళ్ల వైపు వాళ్ల చేతికే గిన్నె, గరిటె ఇచ్చేశారన్నమాట. ఇది బయటపడ్డాక నేను వెళ్లిన క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక సిస్టర్ లేచి, మా సంఘ కమిటీలో అందరూ ఒకే వంశం వాళ్లు, పెళ్లయి వేరే తెగ నుంచి వచ్చిన ఆడవాళ్లం మేం ఇరవైమంది ఉన్నాం, మాలో ఒక్కరూ లేరు అంది. నేను నా వంతుగా మన ఊళ్ల సంగతి చెప్పా, మాల సంఘం, మాదిగ సంఘం అని ఒకే ఊళ్లో రెండు గుళ్లు ఉండటం, ఒకే ప్రభువుబల్లకి వేర్వేరుగా కూర్చోవడం. సిగ్గుపడుతూనే చెప్పా. మన పుండు మనం చూపిస్తేనే వాళ్లు వాళ్లది చూపిస్తారు.

ఆఖర్లో పని ఇవ్వండి. నలుగురేసి గ్రూపులుగా కూర్చుని, మీ సంఘంలో మీరొక్కరే చేస్తున్న పనులన్నీ చార్టు మీద రాయండి, అందులో ఒకటి ఎవరికి అప్పగిస్తారో వాళ్ల పేరు రాయండి. పేరు రాయకపోతే ఒప్పుకోవద్దు. "ఎవరైనా యూత్‌కి" అంటే అది ఎవరికీ ఇవ్వనట్టే.

ఒక సెషన్‌కి ఇదంతా గంటన్నర పడుతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అంతకుమించి పెట్టకండి. మధ్యలో చాయ్, మాందాజీ (నూనెలో వేయించిన బన్ను లాంటిది) కోసం అరగంట ఇవ్వండి, అసలు మాటలు అక్కడే బయటికొస్తాయి.

డబ్బు పాఠం దాటేయకండి

చాలామంది గెస్ట్ టీచర్లు దీన్ని వదిలేస్తారు, మనకెందుకులే వాళ్ల లోపలి సంగతి అని. నాకైతే లీడర్‌షిప్‌లో సగం ఇదే. కెన్యాలో 2007 నుంచి ఎంపెసా ఉంది, ఫోన్లోనే డబ్బు పంపుకోవడం, మన ఫోన్‌పే కన్నా ఎంతో ముందు. క్లాసులో అడిగా, సంఘం కానుకలు ఎవరి నంబర్‌కి వస్తాయి అని. కాసేపటికి ఒకరన్నారు, పాస్టర్ గారి సొంత నంబర్‌కే. నేను దాచకుండా చెప్పా, మా ఊళ్లో నాకు తెలిసిన సంఘంలో కూడా గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ అయ్యగారి సొంత అకౌంట్‌దేనని, ఆయన మంచివారే, రూపాయి తినలేదు, కానీ ఆయన హఠాత్తుగా చనిపోయినప్పుడు సంఘం డబ్బెంతో, ఇంటి డబ్బెంతో ఎవరూ చెప్పలేకపోయారు, ఆ అమ్మగారు పడిన అవమానం నేను దగ్గరుండి చూశా.

అప్పుడు 2 కొరింథీ 8 చదివాం. పౌలు నా మీద నమ్మకం లేదా అని కోప్పడలేదు, ఎవరూ తప్పుపట్టకుండా ఇంకొకర్ని వెంట తీసుకెళ్లాడు. ఆ తర్వాత మూడు సంఘాల వాళ్లు అక్కడే తీర్మానించుకున్నారు: సంఘం పేరు మీద పేబిల్ నంబర్ (ఎంపెసాలో సంస్థలు డబ్బు తీసుకునే నంబర్), లెక్కపెట్టేటప్పుడు ముగ్గురు, నెలకోసారి ఆదివారం చదివి వినిపించడం. నేను చెప్పింది కాదు, వాళ్లు అనుకున్నది, అందుకే నిలబడింది.

ఎవరూ లెక్క అడగలేని లీడర్ ఎంత ప్రమాదమో కెన్యా వాళ్లకి మనం చెప్పక్కర్లేదు. 2023లో కోస్తా వైపు షాకహోలా అడవిలో, ఉపవాసం ఉండి చనిపోతే యేసయ్యని కలుసుకుంటారని నమ్మించిన గుంపు తాలూకు శవాలు 400కి పైగా తవ్వి తీశారు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ పేరు మీరుగా ఎత్తకండి. వాళ్లే ఎత్తితే ఊరుకోండి, వినండి, ప్రార్థన చేయండి, తర్వాత నెమ్మదిగా "మీ సంఘంలో పాస్టర్ గారు తప్పు చెబితే ఆయన్ని పిలిచి అడగగలిగేది ఎవరు?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఇదే ప్రశ్నకి మన సొంత జవాబు కూడా సిద్ధం చేసుకుని వెళ్లాలి. నన్ను అడిగారు. నేను ఇద్దరి పేర్లు చెప్పగలిగా, దేవునికి స్తోత్రం.

క్లాసు బయట వాళ్లు చూసేది

అక్కడ భోజనానికి ముందు ఒకరు చెంబు, పళ్లెం లాంటి బేసిన్ పట్టుకొచ్చి ఒక్కొక్కరి చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తారు. ఎప్పుడూ ఆ ఇంటి అమ్మాయో, కుర్రాడో. రెండో ట్రిప్‌లో నేను ఆ ఇంటి అమ్మని ముందు అడిగి, ఆవిడ సరేనన్నాకే, ఆ చెంబు తీసుకుని వరసగా అందరి చేతులమీదా పోశాను. చివర్లో నిలబడ్డ కుర్రాడు, రోజూ మాకు నీళ్లు పోసేవాడు, చేతులు చాపలేదు, వెనక్కి దాచుకున్నాడు. "చాపు బాబూ" అన్నా తెలుగులోనే, ఇంకేం మాట రాలేదు. వాడు చాపాడు. అరచేతుల నిండా బోడాబోడా గ్రీజు మరకలు. మూడో ట్రిప్‌కి వెళ్లినప్పుడు చాలామందికి నా పాఠాలు అంతగా గుర్తులేవు, ఇది గుర్తుంది. అయితే ఇది ఫొటో కోసం చేయొద్దు, అడక్కుండా చేసి ఇంటివాళ్లని ఇబ్బంది పెట్టొద్దు, రోజూ చేయగలిగితేనే చేయండి.

ఇండియా వాళ్లంటే అక్కడ ఇంకో చరిత్ర కూడా ఉంది. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి కిసుము వరకు రైలు లైను వేయడానికి మన దేశం నుంచి ముప్పైవేలకి పైగా కూలీలు వెళ్లారు, తర్వాత కొట్లు పెట్టుకున్న వాళ్లూ స్థిరపడ్డారు. పల్లెలో చాలామందికి ఇండియన్ అంటే కొట్టు యజమాని, జీతమిచ్చే బాస్. అందుకని డ్రైవర్‌తో, వంటచేసేవాళ్లతో మీరు ఎలా మాట్లాడుతున్నారో వాళ్లు జాగ్రత్తగా చూస్తారు. వంటావిడ పేరు మొదటిరోజే అడిగి తెలుసుకోండి, పేరుతో పిలవండి.

డబ్బు ఎవ్వరికీ విడిగా ఇవ్వకండి, ఇస్తానని మాట కూడా ఇవ్వకండి. "బ్రదర్, నా కొడుకు ఫీజు" అని ఒకరు పక్కకి పిలుస్తారు, అది నిజమైన అవసరమే కావచ్చు, మన గుండె కరుగుతుంది. కానీ జేబులోంచి తీసి ఇచ్చేస్తే సాయంత్రానికి పాతికమందికీ తెలుస్తుంది, ఆ కుటుంబానికే కష్టం, మనం చెప్పిన డబ్బు పాఠం కూడా పోతుంది. ఏదైనా సరే అక్కడి పెద్దల ద్వారానే, రసీదుతోనే. బస్సు చార్జీలు కూడా అందరికీ ఒకే పద్ధతిలో, పేపర్ మీద సంతకాలతో వాళ్ల కమిటీ చేతే ఇప్పించండి.

1910లో ఎడిన్‌బరో మిషనరీ కాన్ఫరెన్స్‌లో, డోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య గారు తెల్ల మిషనరీల ముందు నిలబడి మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. ఇంకో రెండేళ్లకి ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆరోజు అడిగింది మన వైపు నుంచి, ఈరోజు ఫ్లైట్ దిగి టీచర్ అనిపించుకుంటున్నది మనం. వాళ్ల ఇంట్లో ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద) వాళ్లలాగే చేత్తో తినండి, వాళ్ల పిల్లల పేర్లు రాసుకుని ప్రార్థన చేయండి, వాళ్ల దగ్గర నేర్చుకోండి. తూర్పు ఆఫ్రికాలో 1930ల నుంచి వచ్చిన ఉజ్జీవంలో మామూలు విశ్వాసులు అందరి ముందూ తమ పాపాలు ఒప్పుకుని ఒకరినొకరు సరిచేసుకున్నారు. దాని గురించి అక్కడి ముసలివాళ్లని అడగండి. లెక్క చెప్పుకోవడం గురించి నేను తయారుచేసుకున్న పాఠం కన్నా ఒక అవ్వ చెప్పిన సాక్ష్యం బలంగా తగిలింది.

మూడోరోజు నుంచి మీరు కూర్చోండి, వాళ్లు నిలబడాలి

అన్నిటికన్నా కష్టమైంది ఇదే, ఎందుకంటే మనకి మాట్లాడటం ఇష్టం. మూడోరోజు పొద్దున్నే ఇద్దరిద్దర్ని జతలు చేసి, మొదటి రెండురోజుల కథల్లో ఒకటి వాళ్ల భాషలో ఇరవై నిమిషాలు చెప్పమనండి. ట్రాన్స్‌లేటర్ ఇప్పుడు మీ చెవిలో మీకు చెబుతాడు. వాళ్లు మీకన్నా బాగా చెబుతారు. మీరు స్తెఫను అన్నచోట వాళ్లు వాళ్ల ఊరి మనిషిలా చెబుతారు, నవ్విస్తారు, పాట కలుపుతారు. అయ్యాక ముందు తోటివాళ్లే చెప్పాలి, ఏది బాగుంది, ఏది అర్థం కాలేదు. మీరు ఆఖర్లో ఒక్క మాట, అదీ మెచ్చుకునేది.

ఆడవాళ్లకి కూడా అంతే టైము ఇవ్వండి. వాళ్లు తమంతట తాము లేవరు, భర్త పాస్టర్ అయితే అసలు లేవరు. ముందురోజే చెప్పి ఉంచండి, కావాలంటే ముందు ఆడవాళ్ల గ్రూపులోనే చెప్పించండి. చాలా సంఘాల్లో ఇల్లిల్లూ తిరిగేది వాళ్లే.

ఆఖరిరోజు సర్టిఫికెట్లు ఇవ్వడం మంచిదే, వాళ్లు గోడకి తగిలించుకుంటారు, అందులో తప్పేం లేదు. దానితోపాటు ఒక్కొక్కరు ఒక చిన్న కాగితం నింపాలి: ఏ కథ, ఎవరికి, ఏ ఊళ్లో, ఏ తారీఖు లోపల చెబుతారు. రెండు కాపీలు, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి అక్కడి కోఆర్డినేటర్ దగ్గర. మీ దగ్గర కాదు, చూసుకోవాల్సింది వాళ్లవాళ్లే.

ఇంటికొచ్చాక రిపోర్ట్ రాస్తారు కదా, ఎంతమంది వచ్చారు, ఎన్ని ఫొటోలు అని. మూడు నెలలు ఆగి రాయండి. అప్పుడు కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ఆ కాగితాల్లో రాసినవాళ్లలో ఎంతమంది నిజంగా చెప్పారో అడగండి, ఆ నంబరే మీ సంఘానికి చెప్పండి, నలుగురే అయితే నలుగురనే చెప్పండి. నా రెండో ట్రిప్ తర్వాత తొమ్మిదిమంది. అందులో మొదటి ట్రిప్‌లో నన్ను ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన ఉన్నారు, విధవరాండ్ర కథ మూడు ఊళ్లలో చెప్పారట.

మళ్లీ రమ్మని పిలిస్తే టికెట్లు బుక్ చేసేముందు ఆ చెప్పినవాళ్లలో ఇద్దర్ని ఈసారి టీచర్లుగా పెట్టమని పిలిచినవాళ్లని అడగండి. ఒప్పుకుంటే కొత్త సబ్జెక్ట్ ఏదీ తయారుచేసుకోకుండా వెళ్లి, వెనక బెంచీలో ట్రాన్స్‌లేటర్ పక్కన కూర్చోండి, చాయ్ టైముకి చెంబు మీరు పట్టుకోండి.